అంకె ప్రక్కన ఒక మాట



 ఈ నెల మీతో ఒక చిన్న సంగతిని గూర్చి మాటలాడగోరుచున్నాను. కంప్యూటరులోగాని ఫోనులోగాని లెక్కలు వ్రాసికొనే పట్టికలో, ఒక గడి మూలన కనబడే చిన్న త్రికోణపు గుర్తును మీలో కొందరు చూచియుందురు. చాలామంది దానిని గమనించరు. గమనించినవారు సహితము అది ఎందుకున్నదో అడుగరు. అయితే అట్టి గుర్తు ఒకటి ఉండవలసిన చోట లేకపోయిన కారణముచేత, మా ఊరిలో పన్నెండుమంది స్త్రీలు రెండుగా చీలిపోవుట నేను కన్నులార చూచితిని. అందుచేత వ్రాయుచున్నాను.

మా ఊరిలో ఒక పొదుపు సంఘమున్నది. ఒక్కొక్కరు నెలకు 200 రూపాయలు పొదుపు చేయుదురు. సంఘము నుండి అప్పు తీసికొన్నవారు నెలకు 1,000 రూపాయలు కిస్తీ కట్టుదురు. కిస్తీ తప్పినచో 50 రూపాయలు జరిమానా. ఇది వారికి వారే చేసికొన్న కట్టుబాటు. చాలా ఏండ్లు ఆ లెక్కలన్నియు సంఘపు నాయకురాలే ఒక పొడుగాటి అట్ట పుస్తకములో వ్రాసెడిది. ఆమె చదివినది ఏడవ తరగతి వరకే. పేజీకి ఎడమ ప్రక్కన ఒక ఎర్రగీత గీసి, ఆ గీతకు ఇవతలనున్న అంచులో పెన్సిలుతో చిన్న అక్షరములతో ఏవేవో వ్రాసికొనెడిది. ఆ అంచును నేనెన్నడును శ్రద్ధగా చూడలేదు.

2022లో సభ్యురాలొకరి కుమార్తె, బి.కాం. చదువుచున్న అమ్మాయి, ముందుకు వచ్చినది. “పెద్దమ్మా, ఈ లెక్కలన్నీ ఫోన్లో గూగుల్ షీట్స్‌లో వేస్తాను. కూడికలు అదే వేసుకుంటుంది. అందరి ఫోన్లకీ పంపుతాను, ఎవరిది వాళ్లు చూసుకోవచ్చు” అని చెప్పినది. అందరును సంతోషించిరి. నన్ను సలహా అడిగినప్పుడు నేనును, “ఇంకా ఈ పుస్తకం మోత ఎందుకమ్మా? పిల్ల చెప్పినట్టు చేయండి” అంటిని. ఆ మాట అన్నది నేనే. తరువాత దానికి నేనే చింతించితిని.

2023 ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రము, ఆ సంఘపు సభ్యురాలు ఒకామె ఫోను చేత పట్టుకొని మా ఇంటికి వచ్చినది. ఆమె కన్నులు ఎర్రగా ఉన్నవి. “చూడండి అయ్యగారూ. ఫిబ్రవరిలో నేను కిస్తీ కట్టలేకపోతే నాకు యాభై జరిమానా వేశారు. అదే ఫిబ్రవరిలో నాయకురాలి చెల్లెలు కూడా కట్టలేదు. ఆమె గడిలో సున్నా ఉంది. జరిమానా గడిలో కూడా సున్నాయే. ఇదేం న్యాయం?” అని అడిగినది.

నేను చూచితిని. ఆ చెల్లెలి వరుసలో జనవరికి 2,000, ఫిబ్రవరికి 0, మార్చికి 1,000 అని ఉన్నది. జనవరిలో రెండు కిస్తీలు కట్టినట్లు కనబడుచున్నది గదా అని చెప్పితిని. “చేతిలో డబ్బుంది, ఎక్కువ కట్టింది. కానీ నెలనెలా కట్టాలనేగా మన రూలు? నేను ఎక్కువ కట్టిన నెల లేదా? అప్పుడు నాకెవరైనా మాఫీ చేశారా?” అని ఆమె అడిగినది. నాయొద్ద జవాబు లేదు. నిజము చెప్పవలెనంటే, నాకును అనుమానము కలిగినది.

లెక్కలు వ్రాసిన అమ్మాయి అప్పటికి ఉద్యోగము నిమిత్తము హైదరాబాదు వెళ్లిపోయినది. ఫోను చేసి అడిగితిమి. “మీటింగులో ఏదో అనుకున్నట్టే గుర్తు అయ్యగారూ. ఎవరెవరు ఉన్నారో గుర్తులేదు” అని చెప్పినది. నాయకురాలిని అడిగితిమి. ఆమె ఒక్కటే మాట అన్నది: “నామీద నమ్మకం లేకపోతే నాకీ పెత్తనం వద్దు.” ఆ వారములోనే ఇద్దరు సభ్యులు తమ పొదుపు సొమ్ము వెనుకకు తీసికొని సంఘమును విడిచిపోయిరి. ఒకే వీధిలో, ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకొనేవారు మూడు వారములు ఒకరి ముఖము ఒకరు చూచుకొనలేదు.

మూడు వారముల తరువాత నాయకురాలు ఆ పాత అట్ట పుస్తకమును తెచ్చి నా బల్లమీద పెట్టినది. “మీరు వద్దన్నారు గానీ, రాసే అలవాటు పోలేదు అయ్యగారూ. నా మాట నమ్మనివాళ్లు నా పుస్తకం నమ్ముతారా అని ఇన్నాళ్లూ తీయలేదు” అని చెప్పినది. జనవరి పేజీ తెరచితిని. ఎర్రగీతకు ఇవతల, పెన్సిలుతో ఇట్లు వ్రాసియున్నది: మిరప కోతలకు పోతుంది. ఫిబ్రవరి కిస్తీ ముందే కట్టింది. కోతలకు పోయే ఎవరైనా ఇట్లా కట్టొచ్చు, జరిమానా లేదు. అందరం ఒప్పుకున్నాం. దానిక్రింద పదిమంది సంతకములు, వేలిముద్రలు ఉన్నవి. ఆ దినమున కూటమునకు రాని ఇద్దరిలో, నాయొద్దకు వచ్చి అడిగిన ఆమె ఒకరు.

చదువరులారా, ఇక్కడ ఎవరు తప్పు చేసిరి? నాయకురాలు చేయలేదు. ప్రశ్న అడిగిన ఆమెయు చేయలేదు. సంఘపు సొమ్మును గూర్చి అడుగుట ఆమె హక్కు. ఫోనులోని పట్టిక సహితము అబద్ధమాడలేదు. అందులోని ప్రతి అంకెయు నిజమే. అయితే ఆ అమ్మాయి పుస్తకములోని నిలువు వరుసలన్నిటిని ఫోనులోనికి ఎక్కించినది గాని, అంచును మాత్రము ఎక్కించలేదు. ఎంత అనునది వచ్చినది, ఎందుకు అనునది రాలేదు. సున్నా అను అంకె “కట్టలేదు” అని చెప్పగలదు. “ముందే కట్టినది” అని చెప్పజాలదు.

ఆ అంచు ఈ పట్టికలలోను ఉన్నది. దానినే కామెంట్ అనియు నోట్ అనియు అందురు. ఇది తరువాత నేను నేర్చుకొన్న సంగతి.

స్ప్రెడ్‌షీట్ అను మాటయే కాగితపు పుస్తకముల నుండి వచ్చినది. లెక్కలవారు రెండు పేజీల మీదుగా పరచి గీతలు గీసికొనే పెద్ద కాగితమునకు ఆ పేరు. 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను ఇద్దరు విసికాల్క్ అను పేరుతో అట్టి పట్టికను చిన్న కంప్యూటరులోనికి తెచ్చిరి. 1985లో ఎక్సెల్ వచ్చినది. ఇప్పుడు గూగుల్ షీట్స్, లిబ్రెఆఫీస్ కాల్క్ వంటివి ఖర్చు లేకుండ దొరకుచున్నవి. వీటన్నిటిలోను గడికి ఒక మాటను అంటించే వసతి ఉన్నది. గడిలోని అంకె మారదు, కూడిక చెడదు. ఆ గడిమీదికి వెళ్లినప్పుడు మాత్రమే ఆ మాట తెరుచుకొనును.

దీనిని పెట్టుట కష్టము కాదు. కంప్యూటరులో ఎక్సెల్ వాడువారు గడిని ఎన్నుకొని, షిఫ్ట్ మీటను పట్టుకొని ఎఫ్2 నొక్కిన యెడల ఒక చిన్న చీటీ తెరుచుకొనును. వ్రాసిన తరువాత ఆ గడి కుడివైపు పై మూలన ఎర్రని త్రికోణము కనబడును. గూగుల్ షీట్స్‌లోను నోట్ పెట్టుటకు అవే మీటలు. ఫోనులోనైతే గడిని ఎన్నుకొని ‘ఇన్సర్ట్’ అను మాట క్రింద వెదకవలెను. ఒక్కసారి ఎవరైనా పిల్లవాడు చూపించిన యెడల మరల అడుగవలసిన పని ఉండదు.

ఇక్కడ ఒక భేదము తెలిసికొనవలెను. నోట్ అనగా గోడకు అంటించిన చీటీ వంటిది. అది ఉన్నదున్నట్లు ఉండును. కామెంట్ అనగా సంభాషణ వంటిది; ఒకరు అడుగగా మరియొకరు దానిక్రిందనే జవాబు వ్రాయవచ్చును. కామెంటులో వ్రాసినవారి పేరు, సమయము దానంతటదే పడును. గూగుల్ నోట్‌లో పడదు గనుక మనమే వ్రాయవలెను. ఎక్సెల్‌ను పాత దినముల నుండి వాడుచున్నవారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను: పూర్వము అందులో కామెంట్ అని పిలిచినదానినే ఇప్పుడు నోట్ అనుచున్నారు, జవాబులు వ్రాయగల క్రొత్తదానికి కామెంట్ అను పేరు పెట్టిరి. కాబట్టి శాశ్వతముగా నిలువవలసిన కారణమును నోట్‌గా పెట్టుడి. అడిగి తేల్చుకొనవలసిన సందేహమును కామెంట్‌గా పెట్టుడి.

అయితే ఏమి వ్రాయవలెను? మా ఊరి నాయకురాలి పెన్సిలు వ్రాతయే నాకు నేర్పినది. నాలుగు సంగతులు చాలును. ఏ తేదీన, ఎందుకు, ఎవరు ఒప్పుకొనిరి, దానికి ఆధారమేమి. ఉదాహరణకు: “14వ తేదీ కూటములో పదిమంది ఒప్పుకొన్నారు. ఫిబ్రవరి కిస్తీ జనవరిలోనే కట్టినది. తీర్మానాల పుస్తకం చూడండి.” ఇంతే. “సరిచేసినది”, “మాట్లాడినాము” వంటి మాటలు వ్రాయుటవలన ప్రయోజనము లేదు. ఆరు నెలల తరువాత ఆ కూటములో లేని మనిషి చదివినను అర్థము కావలెను. వ్రాసినవారు ఊరిలో లేకపోయినను అర్థము కావలెను.

ప్రతి గడికిని చీటీ అంటించనవసరము లేదు. అట్లు చేసిన యెడల అవసరమైనది అందులో మరుగునపడును. వాడుకకు భిన్నముగా కనబడు అంకెకు పెట్టుడి: సున్నాకు, రెట్టింపైన మొత్తమునకు, తరువాత దిద్దిన అంకెకు. దిద్దినప్పుడు పాత అంకె ఏమో కూడ వ్రాయుడి. గూగుల్ షీట్స్‌లో ఎడిట్ హిస్టరీ అను వసతి ఉన్నది. ఎవరు, ఎప్పుడు, ఏ అంకెను మార్చిరో అది చూపును. మంచిదే. కాని ఎందుకు మార్చిరో అది చూపజాలదు. అది మనుష్యులే చెప్పవలెను.

మరియొక చోట కూడ చీటీ తప్పనిసరిగా ఉండవలెను. అది మొత్తము వచ్చే గడి. 2010లో అమెరికాలో పేరుపొందిన ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు, కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్, దేశముల అప్పులను గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. అనేక దేశములలో నాయకులు దానిని ఎత్తిచూపిరి. 2013లో థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి వారి అసలు ఎక్సెల్ పట్టికను అడిగి తెప్పించుకొని చూడగా, సగటు వేసిన సూత్రము అయిదు వరుసల ముందే ఆగిపోయినది. అందుచేత అయిదు దేశములు లెక్కలోనికే రాలేదు. ఆ వ్యాసములో అతడును అతని అధ్యాపకులును చూపిన లోపములలో అది ఒకటి మాత్రమే. అయినను ఆ లోపమును ఆ విద్వాంసులు ఒప్పుకొనిరి. అచ్చైన వ్యాసమును ఎన్నిసార్లు చదివినను అది బయటపడెడిది కాదు. పట్టికను తెరచి చూచినవానికే కనబడినది.

మన పొదుపు సంఘములలోను ఇదే జరుగును. పదమూడవ సభ్యురాలు చేరును, ఆమె పేరును అడుగున వ్రాయుదుము, కూడిక మాత్రము పన్నెండవ వరుస దగ్గరనే నిలిచిపోవును. చీటీ సూత్రమును సరిచేయదు. కాని మొత్తము గడికి “ఇది పన్నెండుమంది మొత్తము, 3వ వరుస నుండి 14వ వరుస వరకు” అని ఒక నోట్ పెట్టిన యెడల, పదమూడుమంది కూర్చున్న కూటములో ఎవరో ఒకరు, “మరి నాది?” అని అడుగుదురు. ఆ ప్రశ్న చాలును.

ఇక చేయకూడనివి కొన్ని చెప్పెదను.

మొదటిది, సొమ్మును చీటీలో దాచకుడి. “మరో 300 చేతికిచ్చినాము” అని నోట్‌లో వ్రాసిన యెడల ఆ 300 కూడికలోనికి రాదు. సొమ్ముకు గడి ఉండవలెను, కారణమునకు చీటీ ఉండవలెను.

రెండవది, అంకెను చెరిపినంత మాత్రమున చీటీ పోదు. ఎక్సెల్‌లో డిలీట్ నొక్కిన యెడల గడిలోని అంకె మాత్రమే పోవును; చీటీ అక్కడనే ఉండును. తరువాత క్రొత్త అంకె వేసిన యెడల, పాత కారణము క్రొత్త అంకెకు అంటుకొని ఉండును. అది చీటీ లేకపోవుటకంటె ప్రమాదకరము. అంకె మార్చినప్పుడు చీటీని కూడ చదివి చూడుడి.

మూడవది, పట్టికను కాగితముమీద అచ్చు తీసినప్పుడు ఈ చీటీలు సాధారణముగా రావు. ఎక్సెల్‌లో పేజ్ సెటప్ తెరచి, షీట్ అను భాగములో కామెంట్లు చివరను రావలెనని ఎన్నుకొనవలెను. గూగుల్ షీట్స్‌లో అచ్చుకు ముందు నోట్స్ చూపుమని గుర్తు పెట్టవలెను. బ్యాంకువారికి గాని ఆడిట్‌కు గాని పట్టిక ఇచ్చునప్పుడు ఇది మరువవద్దు. పట్టికను సి.ఎస్.వి. రూపములో దాచిన యెడల చీటీలన్నియు పోవునని కూడ తెలిసికొనుడి.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. చీటీలో ఇంటి గుట్టు వ్రాయకుడి. ఒకామె కిస్తీ కట్టలేకపోయినది. దానికి కారణము ఆమె భర్త త్రాగుడు కావచ్చును, కుమార్తె అనారోగ్యము కావచ్చును. కూటములో ఆమె కన్నీళ్లతో చెప్పుకొన్న మాటను మనము గడికి అంటించిన యెడల, ఆ పట్టిక ఎన్ని ఫోన్లలోనికి వెళ్లునో అన్ని ఇండ్లకు ఆ మాట వెళ్లును. “కుటుంబ ఇబ్బంది, ఒక నెల గడువు, అందరు ఒప్పుకొన్నారు” అని వ్రాయుట చాలును. లెక్కకు కావలసినది కారణము యొక్క న్యాయమే గాని ఆమె బాధ యొక్క వివరము కాదు. అట్టిది పొరబాటున వ్రాసియుంటే, పట్టికను బయటివారికి పంపకముందే తీసివేయుడి.

ఇప్పుడు మా ఊరి సంఘములో ఏమి చేయుచున్నారో చెప్పి ముగించెదను. పదవ తరగతి చదివిన మరియొక అమ్మాయి లెక్కలు వ్రాయుచున్నది. అంకెలు మార్చుటకు ఆమెకును నాయకురాలికిని మాత్రమే అధికారమున్నది. తక్కిన సభ్యులందరికిని కామెంటర్ అను హక్కు ఇచ్చిరి. అనగా వారు అంకెను మార్చలేరు గాని, ఏ గడిమీదనైనను ప్రశ్న పెట్టవచ్చును. వ్రాయలేనివారు నోటితో అడుగుదురు, ఆ అమ్మాయి వారి పేరుతో వ్రాయును. ప్రతి కూటము ప్రారంభములో క్రొత్త చీటీలన్నిటిని బిగ్గరగా చదువుదురు. అంతకుముందు కూటమునకు రానివారికి ఇది ఎంత మేలో నేను వేరుగా చెప్పనక్కరలేదు. తేలిన ప్రశ్నను ‘రిజాల్వ్’ అని మూసివేయుదురు. అయినను అది చెరిగిపోదు, కామెంట్ల చరిత్రలో ఉండును.

నాయకురాలు మరల ఆ బాధ్యత తీసికొన్నది. పుస్తకమును మాత్రము విడువలేదు. “ఫోన్ చార్జింగ్ అయిపోతే ఏం చేస్తారు అయ్యగారూ?” అని నన్ను ఆటపట్టించును. ఈసారి నేను వద్దనలేదు. విడిచిపోయిన ఇద్దరిలో ఒకామె, అనగా ఆ సాయంత్రము ఎర్రబడిన కన్నులతో మా ఇంటికి వచ్చిన ఆమెయే, తిరిగి చేరినది. రెండవ ఆమె ఇప్పటికిని వేరొక సంఘములోనే పొదుపు చేయుచున్నది. పలుకరించిన యెడల పలుకును. అంతకంటె దగ్గరకు రాదు. ఒక్క వరుస వ్రాయనందుకు మేము చెల్లించిన వెల అది.

మీ ఇంటి లెక్కయైనను, కౌలు లెక్కయైనను, పొదుపు సంఘపు లెక్కయైనను, ఫోనులో వ్రాయుచున్నవారు మీ ఇంట ఉన్న యెడల ఈ పేజీని వారికి చదివి వినిపించుడి. ఈ రాత్రి ఆ పట్టికను తెరచి, అడిగినవారికి వెంటనే కారణము చెప్పలేని అంకె ఒక్కటైనను ఉన్నదేమో వెదకుడి. కారణము తెలిసినవారు మీ మధ్య ఉండగానే, వారిని అడిగి, ఆ గడికి ఒక మాట అంటించుడి.

వచ్చే నెల మరల కలిసికొందము.